లింకున్న సరుకే పాఠమైతే

కృష్ణా డెల్టా రైతుకు కమీషన్ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. గుడివాడ వైపు ధాన్యం అమ్మినా, దివిసీమలో రొయ్యలు పట్టి లారీకెత్తినా మధ్యలో ఎవరో ఒక కమీషన్ వ్యాపారి ఉంటాడు. అతను ఎవరి మనిషో, బేరం కుదిరితే అతనికి ఏం మిగులుతుందో రైతుకు తెలుసు. అందుకే అతని మాటను కాస్త తగ్గించి వింటాడు. ఫోన్లో జాకెట్టు చేతుల మీద బొమ్మ ఎలా దించాలో చూపించే ఆమె దగ్గర మాత్రం ఈ జాగ్రత్త పనిచేయదు. చూసేవాళ్లు ఆమెను ‘అక్కా’ అని పిలుస్తారు. ‘లింక్ కింద ఇచ్చాను, అదే తీసుకోండి’ అని ఆ అక్క చెబితే దాన్ని ఇంటి మనిషి సలహాగానే తీసుకుంటారు.

ప్రింటర్లో బొమ్మ తీసి ఇస్త్రీపెట్టెతో బట్టకు అంటించే ట్రాన్స్‌ఫర్ కాగితాలు, కత్తిరించి అతికించే వినైల్ షీట్లు, సీసాలకూ పింగాణీకీ అంటుకునే డెకాల్ కాగితాలు ఇలాంటి పాఠాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. లింకులో ఆమె పేరిట ఒక కోడ్ ఉంటుంది. మీరు కొంటే ధరలో కొంత శాతం ఆమెకు చేరుతుంది. అమెజాన్ ఈ పద్ధతిని 1996లోనే మొదలుపెట్టింది. ఆ కంపెనీ లెక్క ప్రకారం, లింకు నొక్కిన 24 గంటల్లో మీరు కాగితం మానేసి కుక్కర్ కొన్నా సాధారణంగా ఆమెకు కమీషన్ వస్తుంది. ఇందులో నేరమేమీ లేదు. ఇంటి పనంతా ముగించుకుని, వెలుతురు సరిచూసుకుని, తెలిసిన విద్యను పదిమందికి చూపించే మనిషికి ఆదాయం రావాల్సిందే. చూసేవాళ్లు పైసా ఇవ్వరు కాబట్టి అది ఎక్కడి నుంచో ఒకచోట నుంచి రావాలి.

నా అభ్యంతరం పాఠంలో చెప్పకుండా వదిలేసే సంగతుల మీద. ఇంక్‌జెట్ ప్రింటర్ కోసం చేసిన ట్రాన్స్‌ఫర్ కాగితాన్ని లేజర్ ప్రింటర్లో పెడితే లోపలి వేడికి దాని పూత కరిగి యంత్రమే పాడైపోవచ్చు. తెల్లబట్టకు వాడే కాగితం ముదురు రంగు బట్టకు పనికిరాదు. తెల్లబట్టకైతే అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిప్పి ముద్రించాలి. వేడితో బట్టకెక్కించే సబ్లిమేషన్ రంగు పాలిస్టర్‌ను పట్టుకున్నట్టు నూలును పట్టుకోదు. మన ఎండలకు కట్టుకునేదేమో నూలే. ఇవన్నీ చెబితే పాఠం పొడుగవుతుంది, కొనేవాళ్లు తగ్గుతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉతుకు. ఇస్త్రీతో దించిన బొమ్మ బట్ట మీద అంటుకున్న ఒక పొర మాత్రమే, అది దారంలోకి ఇంకదు. బట్టను లోపలి వైపు తిప్పి చల్లటి నీళ్లలో మెల్లగా ఉతకమని, బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దని ప్యాకెట్ మీదే ఉంటుంది. నాగాయలంకలోనో కోడూరులోనో ఉప్పునీటి బోరు దగ్గర బట్టను సబ్బుతో బండకేసి బాది, పిండి, ఎర్రటి ఎండలో ఆరేసే ఇంట్లో ఆ పొర ఎన్నాళ్లుంటుంది? ముందు అంచులు లేస్తాయి, తర్వాత మడత పడ్డచోట సన్నగా పగుళ్లు తేలతాయి. వీడియోలో చూపించే బొమ్మ అప్పుడే అంటించినది, పది ఉతుకులయ్యాక అది ఎలా ఉంటుందో చూపించేవాళ్లు అరుదు. ఆ వీడియో చూసి పెట్టుబడి పెట్టి, నలుగురికి జాకెట్లు కుట్టి ఇచ్చిన దర్జీ ఆడమనిషి మాత్రం ఊళ్లో మాట పడుతుంది. కమీషన్ ఎప్పుడో చేరిపోయింది. నష్టం, చెడ్డపేరు ఈ దర్జీవి.

చట్టం లేదని కాదు. వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. సోషల్ మీడియాలో సరుకు మెచ్చుకునేవాళ్లు డబ్బు, ఉచిత సరుకు, రాయితీ ఏది పుచ్చుకున్నా ఆ సంగతి తప్పించుకోలేనంత స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాన్ని కలిపేయకూడదు. వీడియోలో అయితే రాతలోనూ మాటలోనూ ఉండాలి. తప్పుదారి పట్టిస్తే జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంటుంది. అయినా తెలుగులో గంటసేపు మాట్లాడి, కమీషన్ సంగతిని మాత్రం వివరణ అడుగున ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యంతో సరిపెట్టడం ఇప్పటికీ కనబడుతుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషికి అది చెప్పినట్టు కాదు.

ఇంకో నష్టాన్ని మాత్రం ఏ మార్గదర్శకమూ పట్టుకోలేదు. కమీషన్ వచ్చే సరుకు చుట్టూనే పాఠం అల్లుకుంటోంది. లింకు లేని విద్య పాఠంగా మారడం లేదు.

మచిలీపట్నం నుంచి గుడివాడకు రైలెక్కితే దారిలో పెడన వస్తుంది. అలాంటి విద్యే అయిన అచ్చుల కలంకారీ ఊరది. టేకుచెక్క మీద ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కుతారు. బట్టను కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెడితే వచ్చే ద్రావణం చూడ్డానికి పలచగా ఉంటుంది. అచ్చును అందులో అద్ది కరక్కాయ పట్టిన బట్ట మీద వేస్తే గీత కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి దారం లోపలే రంగవుతుంది. ఎరుపు కావాలంటే పటికతో అద్ది, పారే నీటిలో జాడించి, రంగునిచ్చే వేళ్లతో, చెక్కలతో ఉడికిస్తారు. ఈ బట్ట కోసమే 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు బందరు (మచిలీపట్నం) రేవులో దిగారు. దీని పోటీకి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో, మళ్లీ 1721లో అద్దకం బట్టల మీద నిషేధాలు తెచ్చుకున్నాయి.

కరక్కాయలు, పటిక బందరు పచారీ దుకాణంలో దొరుకుతాయి. వాటి మీద ఎవరికీ కమీషన్ రాదు. అందుకని ‘ఇంట్లోనే కలంకారీ జాకెట్టు’ అంటే కలంకారీ బొమ్మ ముద్రించిన కాగితాన్ని ఇస్త్రీ చేయడమే అవుతోంది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. స్క్రీన్ ప్రింటూ మిల్లు ప్రింటూ ఆ పేరు వాడుకుంటుంటే అచ్చు పనివాళ్లు ఇప్పటికే పోటీకి నలిగిపోతున్నారు. వాళ్ల పక్క ఊళ్ల పిల్లలే ఆ పేరుతో స్టిక్కర్ పని నేర్చుకుంటున్నారంటే నాకు నిజంగా బాధేస్తోంది.

పెడన సంఘాలు, చేనేత జౌళి శాఖ కలిసి చేయగలిగిన పని ఒకటుంది. కరక్కాయ పట్టించిన గజం బట్ట, రెండు చిన్న అచ్చులు, ఒక సీసాలో నలుపునిచ్చే ఇనుప ద్రావణం, తెలుగులో రాసిన ఒక కాగితం పెట్టెలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మాలి. నేర్పేవాళ్లకు కంపెనీలు ఇచ్చినట్టే కమీషన్ ఇవ్వాలి. వాళ్లు ఆ మాట తెలుగులో, వీడియో మొదట్లోనే చెప్పాలి. ఆ లింకును నేనే నలుగురికి పంపిస్తాను.