అడవికి రాత్రినైనా వదలండి

తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే రెండు ఘాట్ రోడ్ల మీద రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున ఐదింటి దాకా సొంత కార్లు, జీపులు, మోటారు సైకిళ్లు తిరగకూడదు. అలిపిరి మెట్ల దారి పొద్దుగూకే వేళకు మూతపడాలి. ఆ వేళల్లో కొండెక్కక తప్పనివారు బస్సులోనే ఎక్కాలి. భక్తుల ప్రాణాల కోసం అంటే ఈ మాటకు పెద్దగా అభ్యంతరం రాకపోవచ్చు. మేము అడుగుతున్నది అడవి కోసం కూడా. అక్కడే పేచీ మొదలవుతుందని తెలిసీ అడుగుతున్నాం.

తిరుమల కొండ చుట్టూ ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 1989లో సుమారు 353 చదరపు కిలోమీటర్లను ఈ పేరుతో ప్రకటించారు. 2010లో దాన్ని కలుపుకొని 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం బయోస్పియర్ రిజర్వు ఏర్పడింది. రాష్ట్రంలో అదే మొదటిది. రోజుకు అరవై వేల నుంచి ఎనభై వేల మంది ఈ అడవి మధ్యలోంచి వెళ్లి వస్తున్నారు. దేశంలో ఏ జాతీయ పార్కుకూ ఇంత తాకిడి ఉంటుందని అనుకోలేం. అయినా వచ్చినవారిలో ఎంతమందికి తాము జాతీయ పార్కులో ఉన్నామన్న స్పృహ ఉంది? ఘాట్ రోడ్డు మలుపుల్లో గోవిందనామాల బోర్డులు కనిపించినంతగా ఆ సంగతి చెప్పే బోర్డులు కనిపించవు.

ఈ కొండల్లో ఏముందో చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే ఎర్రచందనం, చిరుత అన్న రెండు మాటలతోనే శేషాచలం వార్తల్లోకి వస్తోంది. ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దాని కోసం చెట్టు కొట్టే కూలీలు ఇరవై మంది 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలోనే కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం గురించి తెలిసినంతగా బెడ్డోమ్ సైకస్ గురించి జనానికి తెలియదు. ఈతచెట్టులా కనిపించే ఆ మొక్క రాక్షసిబల్లుల కాలం నాటి కుటుంబానికి చెందింది, దాదాపు ఈ కొండలకే పరిమితం. అంతర్జాతీయ వ్యాపారంలో దానికున్న నిషేధం ఎర్రచందనానికి ఉన్నదానికంటే కఠినమైనది. కణితులు, దుప్పులు, కొండగొర్రెలు, రేచుకుక్కలు, ఎలుగుబంట్లు, బెట్లుడుతలు ఇక్కడ ఉన్నాయి. కౌండిన్య అడవుల వైపు నుంచి వచ్చిన ఏనుగులూ ఉన్నాయి. నల్లమల నుంచి లంకమల మీదుగా పెద్దపులి నడిచి రాగల దారి కూడా ఇటే వస్తుంది.

ఇక బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ శాస్త్రీయంగా వర్ణించిన ఈ జీవి నీటి చెమ్మ ఉన్న రాతి నెర్రెల్లో బతుకుతుంది. జత కట్టే కాలంలో మగదానికి ఆ బంగారు ఛాయ వస్తుంది. పగలంతా బండల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. దేవాంగ పిల్లీ అంతే. చెట్ల కొమ్మల మీద చప్పుడు లేకుండా కదిలే ఆ చిన్న ప్రాణికి పెద్ద కళ్లు ఇచ్చింది రాత్రి కోసమే. పునుగు పిల్లి, ఎలుగుబంటి, చిరుత, కణితి, ఏనుగు, వీటన్నిటి తిరుగుడూ ఎక్కువగా చీకట్లోనే. పగలు మనం చూసే శేషాచలం నిద్రపోతున్న శేషాచలం. అది మేలుకునే వేళకు దాని మధ్య నుంచి హెడ్‌లైట్లు, హారన్లు, మైకులు, జన ప్రవాహం ఆగకుండా సాగుతుంటే ఆ జంతువులకు మిగిలేది ఏమిటి? రోడ్డుకు అటుపక్కనున్న నీటికి ఇటుపక్కనున్న జంతువు ఎప్పుడు వెళ్లాలి?

2023 మనకు కఠినంగా చెప్పిన సంగతి ఇదే. ఆ జూన్‌లో అలిపిరి దారిలో ఒక పసివాణ్ని చిరుత పట్టుకెళ్లింది, అతను అదృష్టవశాత్తూ బతికాడు. ఆగస్టు 11 రాత్రి నరసింహస్వామి గుడి దగ్గర ఆరేళ్ల పాప బతకలేదు. ఆ ఇంటి దుఃఖం ముందు జీవవైవిధ్యం గురించి మాట్లాడటం ఎవరికైనా కష్టమే. కానీ దుఃఖంలో తీసుకున్న నిర్ణయాలు సరైనవో కావో అడగక తప్పదు. మధ్యాహ్నం రెండు దాటాక పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మెట్ల దారిలోకి అనుమతించకపోవడం, రాత్రి పది తర్వాత నడక ఆపడం, సాయంత్రం ఆరు దాటితే ద్విచక్ర వాహనాలు ఆపడం, ఇవి మంచి నిర్ణయాలు. నడిచేవాళ్లందరి చేతికీ ఒక్కో కర్ర ఇచ్చి పంపడం మాత్రం ఏ లెక్కనా అడవి నిర్వహణ కాదు. ఆ కర్రను చూసి దేశమంతా నవ్వింది. నవ్వినందుకు మనం నొచ్చుకున్నాం గానీ, ఎందుకు నవ్వారో ఆలోచించలేదు.

తర్వాతి వారాల్లో బోన్లు పెట్టి వరసగా చిరుతల్ని పట్టారు. పట్టిన ప్రతిసారీ ఫొటోలు, ఊరట. అయితే చిరుత హద్దులు కట్టుకుని బతికే జంతువు. ఒకదాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి మరొకటి వస్తుంది, తరచూ కుర్రవయసుది, ఆ చోటికి కొత్తది, మనుషుల దారులు ఎరగనిది. మహారాష్ట్రలోని జున్నర్‌లో ఈ శతాబ్దం తొలి ఏళ్లలో చిరుతల్ని పట్టి వేరేచోట్ల వదిలిన అనుభవాన్ని శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. చిరుతల్ని తెచ్చి వదిలాక మనుషుల మీద దాడులు తగ్గకపోగా పెరిగాయని తేలింది. మనిషి మీద పడిన జంతువునే గుర్తించి బంధించడం వేరు, కనిపించిన చిరుతనల్లా బోనెక్కించడం వేరు. రెండోది జనాన్ని ఊరడించే పనే తప్ప ప్రమాదాన్ని తగ్గించేది కాదు.

చిరుత మెట్ల దగ్గరికి ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు అడవిలో కన్నా దారి పక్కనే ఎక్కువగా దొరుకుతుంది. తినుబండారాల దుకాణాలు, వాటి వెనక పారేసిన ఆకులు, ఎంగిలి, కుళ్లిన పండ్లు. వాటి కోసం కుక్కలు, అడవి పందులు. వాటి కోసం చిరుత. పైగా దారి పక్కనే జింకల పార్కు. భక్తులు పుణ్యమనుకుని కొనిపెట్టే క్యారెట్లు, దోసకాయలు. ముంబయి మధ్యలో ఉన్న సంజయ్ గాంధీ జాతీయ పార్కు దగ్గర ఈ గొలుసునే 2011 తర్వాత అధికారులు, పౌరులు కలిసి అర్థం చేసుకుని, చెత్త ఎత్తడం, పిల్లల్ని చీకట్లో ఒంటరిగా తిరగనివ్వకపోవడం మీద దృష్టి పెట్టారు. అక్కడ చిరుతలు పోలేదు, మనుషులూ పోలేదు. ఇక్కడ జంతువులకు తిండి పెట్టడాన్ని 2023లోనే నిషేధించారు. అమలు ఎలా ఉందో ఏ ఆదివారమైనా మెట్లెక్కి చూడవచ్చు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాల్ని మానిపించగలిగిన టీటీడీకి దారి పక్క దుకాణాల్ని అడవి మధ్య భాగం నుంచి తీయించడం చేతకాదంటే నమ్మలేం.

చిరుతకు అడ్డంగా దారి పొడవునా కంచె కట్టాలన్న మాట అప్పటి నుంచి మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. మేము దానికి వ్యతిరేకం. మెట్ల దారి కొండ పాదం నుంచి పైదాకా తొమ్మిది కిలోమీటర్లు. దానికి రెండు పక్కలా కంచె కడితే అడవి నిలువునా రెండుగా చీలుతుంది. కంచెలో చిక్కిన జంతువు, కంచె దూకి దారిలో ఇరుక్కున్న జంతువు బెదిరి మరింత ప్రమాదకరం అవుతుంది. అంత డబ్బు పెట్టేదేదో దీపాల మీద, గస్తీ మీద, చెత్త మీద, జంతువులు దాటే చోట్ల వంతెనల మీద పెడితే ఉపయోగం. కంచెకు ఒక్కటే సుగుణం, కట్టినట్టు కంటికి కనిపిస్తుంది.

దర్శనానికి వేళాపాళా ఏమిటి, మొక్కుకున్నవాణ్ని ఆపడానికి మీరెవరు అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. కానీ శ్రీశైలం మల్లన్న దగ్గరికి వెళ్లే భక్తుల్ని చూడండి. మన్ననూరు దగ్గర, దోర్నాల దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, ఉదయం ఆరింటికి లేస్తుంది. నల్లమల పులుల కోసం ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి అది. మల్లన్న భక్తి ఏమైనా తగ్గిందా? జనం గేటు వేళ తెలుసుకుని దానికి తగ్గట్టు ఇంట్లో బయల్దేరడం నేర్చుకున్నారు. బందీపూర్ అడవిలో కర్ణాటక, కేరళ మధ్య జాతీయ రహదారి మీద 2009 నుంచి రాత్రి నిషేధం ఉంది. అది కూరగాయల లారీల దారి, ఒత్తిడి ఎంతున్నా నిలబడింది. అంత దూరం ఎందుకు, శ్రీవారి మెట్టు దారే చీకటి పడ్డాక మూసి ఉంటుంది. ఘాట్ రోడ్ల మీద కూడా అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు రాకపోకలు ఆపే అలవాటు ఉన్నదే. గరుడసేవ నాడు ద్విచక్ర వాహనాలు కొండెక్కకుండా ఆపేదీ టీటీడీయే. మేము కోరుతున్నది ఉన్న పద్ధతిని పొడిగించమనే.

ఆచారం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తిరుమల అడవి లోపల రామకృష్ణ తీర్థం, కుమారధార, తుంబురు తీర్థం ఉన్నాయి. వాటికి ముక్కోటి ఏడాదికి ఒక్కసారే. పుష్య పౌర్ణమికి ఒకటి, మాఘ పౌర్ణమికి ఒకటి, ఫాల్గుణ పౌర్ణమికి ఒకటి. ఆ రోజుల్లో జనం వెళ్లి స్నానం చేసి వస్తారు, తక్కిన ఏడాదంతా ఆ లోయలు అడవికే. ఇంత పొదుపైన పర్యాటక విధానాన్ని ఏ కన్సల్టెన్సీ రాసివ్వలేదు, పంచాంగం రాసిచ్చింది. భక్తి పేరుతో హద్దులొద్దనేవారు ముందు ఆ పంచాంగం చూడాలి.

ఘాట్ రోడ్డు ప్రమాదం జంతువులతోనే కాదు. మొదటి ఘాట్ 1944లోదీ, రెండోది 1974లోదీ. ఆ రోడ్లను కోసిన చోట భూగర్భ శాస్త్రవేత్తలు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూసే రాతి పొరలున్నాయి: కింద పురాతన గ్రానైటు, పైన దానికన్నా దాదాపు 80 కోట్ల ఏళ్లు తర్వాత పేరుకున్న క్వార్ట్జైటు. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటు అది. ఆ క్వార్ట్జైటు నిలువునా పగుళ్లిచ్చిన రాయి. 2021 నవంబరు వానలకు నాని నాని డిసెంబరు 1న పైనుంచి బండలు దొర్లి రెండో ఘాట్‌ను మూయించాయి. వానాకాలం రాత్రుల్లో ఆ రోడ్డు మీద వాహనాలు ఎంత తక్కువుంటే అంత మంచిదన్నది అడవి సంగతి పక్కన పెట్టినా నిజమే.

బస్సులు చాలవన్న వాదన ఒకప్పుడు సరే. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్ మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. చప్పుడు తక్కువ, పొగ లేదు, డ్రైవర్లకు ప్రతి మలుపూ తెలుసు. రాత్రి వేళ అవి గుంపుగా, గంటకోసారి, తగ్గించిన వేగంతో ఎక్కి దిగితే సరిపోతుంది. అలిపిరి దగ్గర కార్లు నిలుపుకోవడానికి స్థలం కావాలి, నిజమే. అయితే అదే అలిపిరి దగ్గర హోటళ్లకు స్థలాలు ఇవ్వడానికి ప్రభుత్వాలకు స్థలం దొరికింది కదా. 2025 మార్చిలో ఆ కేటాయింపుల రద్దు ప్రకటించినప్పుడు కొండ పవిత్రత గురించి చాలా విన్నాం. కొండ పాదంలో అడవి అంచు ఉందన్న కారణం కూడా ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది. పవిత్రత వాదంతో ఒక హోటల్ ఆగుతుంది. అడవి వాదంతో రేపటి రిసార్టూ ఆగుతుంది.

పర్యాటక శాఖ చూపు ఇప్పుడు తలకోన మీద ఉంది. 270 అడుగుల జలపాతం, గుబురు చెట్ల నీడ, వారాంతాల్లో తిరుపతి, చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే కార్లు. రావద్దని అనం. అడవిని చూడని మనిషి దాని తరపున మాట్లాడడు. కానీ జలపాతం కింద పగిలిన సీసాలు, కోతులకు అలవాటైన చిప్స్ పొట్లాలు ఎకో టూరిజం కాదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి తలకోన వైపు అడవి దారిన రాత్రిపూట నడుస్తున్న భక్తుల్ని గుండాలకోన దగ్గర ఏనుగులు తొక్కి చంపాయి. అది ఏనుగులు తిరిగే వేళ, వాటి దారి. ఆ దారి ఆ రాత్రి ఎందుకు తెరిచి ఉందని అడగాల్సింది పోయి, ఏనుగుల్ని ఎటు తరమాలా అని చర్చించాం. జాతీయ పార్కులోనైనా, దాని చుట్టుపక్కల రిజర్వు అడవిలోనైనా పగటి వేళల్లోనే, లెక్కపెట్టిన సంఖ్యలోనే, అటవీ శాఖ మనిషి వెంట ఉంటేనే మనుషులు కదలాలి. తలకోనకూ, లోపలి ట్రెక్కింగ్ దారులకూ ఇదే నియమం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. జాతీయ పార్కులోకి ఎవరు ఎప్పుడు రావాలో నిర్ణయించే అధికారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అటవీ అధికారులకు ఎప్పుడో ఇచ్చింది. లేనిదల్లా ఒక్కచోట కూర్చుని నిర్ణయం తీసుకునే ఏర్పాటు. టీటీడీకి సొంత అటవీ విభాగం ఉంది, రాష్ట్ర అటవీ శాఖ వేరు, ఘాట్ మీద పోలీసులు వేరు, బస్సులు ఆర్టీసీవి. చిరుత కనపడ్డ రోజున నలుగురూ పరుగెత్తుతారు, మర్నాడు ఎవరి ఫైలు వారిది. ఈ నలుగురినీ జిల్లా వన్యప్రాణి అధికారి అధ్యక్షతన ఒక కమిటీగా కూర్చోబెట్టి, రాత్రి మూసివేత ఉత్తర్వును వచ్చే బ్రహ్మోత్సవాల లోపే ఇప్పించాలి. బ్రహ్మోత్సవాల రోజులకూ వైకుంఠ ఏకాదశికీ మినహాయింపు ఇవ్వవచ్చు, ఆ రాత్రుల్లోనూ బస్సులకు మాత్రమే. జబ్బుపడ్డవారికి, స్థానికులకు, కొండ మీద ఉద్యోగులకు పాసులు ఇవ్వాలి. ప్రముఖుల కాన్వాయ్‌లకు పాసులు ఇవ్వకూడదు. నియమం నిలుస్తుందో లేదో మొదటి వారంలోనే తేలేది అక్కడే. 300 రూపాయల దర్శనం టికెట్ మీద రిపోర్టింగ్ సమయం ముద్రిస్తున్న టీటీడీకి, దాని కింద ఘాట్ గేటు మూసే వేళ ముద్రించడానికి ఒక్క రోజు చాలు.