ప్రత్తిచేనికి కళ్లెము ఎప్పుడు?

కంది పరిసరములందలి నల్లరేగడి చేలలో ప్రత్తి సాగుచేయు మన సభ్యులలో మెపిక్వాట్ క్లోరైడును ఎరువువలె బలమిచ్చు మందని తలంచువారు లేకపోలేదు. అది పొరపాటు. ఈ మందు మొక్కను పొడవుగా పెంచు జిబ్బరెల్లిన్ అను పదార్థమును తగ్గించును. అందుచే కణుపుల నడిమి దూరము తగ్గి చెట్టు పొట్టిగా నిలుచును. లోనికి గాలియు వెలుతురును పాఱును.

ఒత్తుగా విత్తిన చేలకును, వానలును నత్రజనియు మిక్కుటమై ఏపుగా పెరిగిన చేలకును ఇది ఉపకరించును. వాన వెనుదీసి వాడిన పైరుపై చల్లుట, నడువలేని ఎద్దునకు ముకుత్రాడు బిగించుటయే.

గూడ, పూత రాలుటకు చల్లు ప్లానోఫిక్స్ వేఱు మందు. దానిని 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరే కలుపవలెను. మోతాదు మించిన హాని కలుగును. మొక్కజొన్న చేలలో కలుపునకు వాడు 2,4-డి సైతము ఈ జాతిదే. అది చల్లిన పంపును ప్రత్తికి వాడరాదు. మిగిలిన కొద్దిపాటి మందుకే ఆకులు బెండాకులవలె చీలిపోవును.

అప్పు తెచ్చిన రూపాయి వ్యర్థము కారాదు. కావున సంఘపు దుకాణమున ఇట్టి మందులను అమ్మునపుడు, ముందుగా చేని స్థితి విచారింపవలెనని మేము కోరుచున్నాము.