పశువు ఈసుకుపోయిన కబురు వైద్యునికి చేరవలెను



వసిష్ఠ గోదావరి సముద్రమున గలియు మా అంతర్వేది ప్రాంతమున, కొబ్బరితోటల నీడన పాడిగేదెలను కట్టి జీవించు కుటుంబములలో ఎవరికైనను సాయంకాలపు జ్వరము, రాత్రివేళ చెమటలు, నెలల తరబడి విడువని నడుమునొప్పి ఒక్కటిగా కనిపించినపుడు, దానిని తోటపని శ్రమగానో వయస్సు తెచ్చిన అరుగుదలగానో ఎంచి నొప్పిమాత్రలతో కాలము గడపుట అనర్థదాయకమనియు, అట్టి రోగిని వైద్యుడు మొట్టమొదట "మీ పాకలో పశువేదైనను ఈసుకుపోయినదా?" యని యడుగవలెననియు నా మనవి.

పశువులు ఈసుకుపోవుటకు, అనగా నెలలు నిండకయే గర్భము జారుటకు, గల ముఖ్యకారణములలో బ్రూసెల్లా యను సూక్ష్మజీవి యొకటి. 1887లో మాల్టా ద్వీపమున డేవిడ్ బ్రూస్ కనుగొన్న యీ జాతి క్రిమి, పచ్చిపాల మూలమునను, ఈసుకుపోయిన పిండమును మాయను వట్టిచేతులతో నెత్తుట మూలమునను మనుష్యదేహమున జొచ్చి, రక్తముతో పయనించి, నడుము వెన్నుపూసలను వాని నడిమి చక్రములను చెరచును. అరుదుగా బృహద్ధమని ముఖమందలి కవాటమును, అంతకంటె అరుదుగా ఆ ధమని గోడనే పట్టి, అది యుబ్బి పగులునంతటి ప్రమాదము తెచ్చును. వెన్నెముక క్షయయు నించుమించుగా నిట్లే కనబడును గనుక, రక్తపరీక్ష లేక ఊహతో మందిచ్చుట తగదు.

చికిత్స దుర్లభము గాదు. ఏటికి ఆవలి భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనగా 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను మందు కుటుంబమునకు చెందిన డాక్సీసైక్లినే నేటికిని ఇందుకు ప్రధానౌషధము. వేరొక మందుతో గూర్చి దానిని సామాన్యముగా ఆరువారములు, వెన్నెముకకు సోకినచో మూడునెలలకు తగ్గకుండ వాడవలెను.

కావున, పశువు ఈసుకుపోయినట్లు పశువైద్యశాలకు తెలిసిన నాడే ఆ యింటి సమాచారము ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు చేరు కట్టుబాటు కావలెను. పాలబేరము చెడునని రైతులు సంకోచింతురు. ఆ భయము నిరాధారము గాదు. అయినను, కాగిన పాలలో ఈ క్రిమి బ్రతుకదు గనుకను, కబురు వైద్యుల నడుమనే యుండును గనుకను, దాచుటవలన నష్టపోవునది ఆ రైతు కుటుంబమే. ఈసుకుపోయిన పిండమును కాలువలో విడువక, చేతులకు తొడుగులు ధరించి, లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. 2019లో ఆరంభమైన జాతీయ పథకముక్రింద నాలుగు మొదలు ఎనిమిది నెలల వయస్సుగల పెయ్యదూడలకు ఒక్కసారి వేయు బ్రూసెల్లా టీకాను ఏ యింటివారును తప్పింపరాదు. పశుసంవర్ధక, ఆరోగ్యశాఖల అధికారులు ఈ విషయమున వెంటనే కలిసి యోచింపవలెనని వేడుచున్నాను.

ఇట్లు,
ఒక పాడిరైతు,
అంతర్వేది.