జట్టు ఢిల్లీకి, గ్రౌండ్లు వెంచర్లకు

2025 డిసెంబర్ 13న మెస్సీ వస్తున్నాడంటే ఉప్పల్ స్టేడియానికి జనం బారులు తీరారు. వేలకు వేలు పోసి టికెట్లు కొన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు కట్టుకుని గ్రౌండ్‌లోకి దిగారు. ఆ సంబరం చూసి నాకూ సంతోషమే కలిగింది. ఫుట్‌బాల్ మీద ఈ ఊరికి ప్రేమ చావలేదని తేలింది. కానీ అంతకు రెండు నెలల ముందే మన సొంత జట్టు, హైదరాబాద్ ఎఫ్‌సీ, ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిపోయింది. వద్దని గట్టిగా అడ్డుపడిన నాయకుడు నాకైతే కనిపించలేదు.

ఆ జట్టు ఏపాటిదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2019లో పుట్టి, మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక దాని రాత మారింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. ఎటు చూసినా కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు రంగే. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఇక ఆశ వదులుకుంటున్న వేళ, 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్ నెట్‌లో పడింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు మనది. మరుసటి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే అంతా కూలింది. జీతాలు అందలేదు. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లలో జావో విక్టర్ తప్ప మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతోనే సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగు స్థానం. ఓడతామని తెలిసీ ప్రతి వారం జెర్సీ వేసుకుని దిగిన ఆ కుర్రాళ్లను నేను ఛాంపియన్ల కంటే ఒక మెట్టు పైనే పెడతాను. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ జట్టును కొన్నది. 13 జట్లలో 12వ స్థానం దక్కింది. ఆ పైన ఢిల్లీ ప్రయాణం.

జట్టును మళ్లీ నిలబెట్టడమంటే మరో యజమానిని వెతకడమేనని చాలామంది అనుకుంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ ఫైనల్ వీరుల్లో కట్టిమణి, తవోరా గోవావాళ్లు. గెలుపు పెనాల్టీ కొట్టిన హాలిచరణ్ నర్జారీ అస్సామీ. వాళ్లు మనకు కప్పు తెచ్చారు, ఆ రుణం ఉండనే ఉంది. కానీ మన బస్తీల పిల్లలు, మన గ్రౌండ్లు లేని జట్టును ఎవరు కొన్నా ఎటైనా పట్టుకుపోగలరు.

ఇదే హైదరాబాద్‌లో రహీం సాబ్ మరోలా చేసి చూపించాడు. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించాడు. మైదానాల్లో ఆడే పేదపిల్లలను ఏరి తెచ్చేవాడు, పోలీసు శాఖ ఉద్యోగం ఇచ్చేది. నెల తిరిగేసరికి జీతం చేతిలో పడేది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లకు కోచ్ ఆయనే. మరుసటి ఏడాది క్యాన్సర్‌తో పోయాడు.

ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం ఎక్కడివాడనుకున్నారు? అమ్ముగూడ. మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఇప్పటికీ ఆ స్టేషన్‌లో ఆగుతుంది. చేతిలో డబ్బుల్లేని ఆ కుర్రాడికి రహీం సాబ్ సైకిలు అద్దె ఇచ్చి మరీ ప్రాక్టీసుకు రప్పించుకున్నాడని చెబుతారు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆ స్టేషన్‌లో ఆయన బొమ్మ ఒకటి పెడితే రైల్వేకు పెద్ద ఖర్చేం కాదు.

ఇప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద సాయంత్రం పూట వెళ్లి చూడండి. అమ్ముడుపోని వెంచర్లలో పిల్లలు ఆడుతుంటారు. ప్లాటు హద్దురాళ్లే గోల్ పోస్టులు. ఒక్కోసారి బంతి గాలి పోయి మెత్తబడి ఉంటుంది, అయినా ఆట ఆగదు. ప్లాటు అమ్ముడై ప్రహరీ లేస్తే పక్క వెంచర్‌కు పోతారు. మేడ్చల్ వైపూ ఇదే కథ. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన ఖాళీ జాగాను కాపాడమని అడిగే కాలనీ సంఘాలున్నాయి గానీ, గ్రౌండ్ కావాలని అడిగేవాళ్లు అరుదు.

ఆటకు కావలసినవి మన దగ్గర లేక కాదు. ఇదే శామీర్‌పేట పక్కన హకీంపేటలో ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్ ఉంది. శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ ఆడబిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. లేనిది వీటన్నిటినీ కలిపే లీగ్.

అందుకే కొత్త ఫ్రాంచైజీ కోసం ప్రభుత్వం ఎవరినీ బతిమాలొద్దు. మండలానికొక గ్రౌండ్‌ను రెవెన్యూ రికార్డుల్లో ఆటస్థలంగా రాయించి, చుట్టూ కంచె వేయించాలి. హకీంపేట స్కూల్ మైదానాలను ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు తెరవాలి. మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా లీగ్ ఒకటి, అబ్బాయిలకూ అమ్మాయిలకూ, ఏటా తప్పకుండా జరగాలి. అందులో మెరిసినవాళ్లకు పోలీసు శాఖ మళ్లీ ఉద్యోగాలివ్వాలి. కలెక్టర్ గారు మొదట చేయవలసింది, ఈ జిల్లాలో ఇంకా మిగిలిన ఆటస్థలాలు ఏయే సర్వే నంబర్లలో ఉన్నాయో ఆ జాబితాను బయటపెట్టడం.