పవిత్ర భూమి తెలుసు... ఆ దేశం తెలుసా?

మక్కా, మదీనాల పేర్లు వినని ముస్లిం బిడ్డ మన పల్లెల్లో ఉండడు. ఖిబ్లా ఏ దిక్కున ఉన్నదో పాలకుర్తిలోని పసివానికి కూడా తెలుసు. అయితే ఆ రెండు నగరాలున్న దేశం ఎటువంటిది, దాని చట్టం ఏమి చెబుతున్నది, అక్కడ అడుగుపెట్టిన పరదేశికి ఏ హక్కులుంటాయి, ఏవి ఉండవు అని అడిగితే పెద్దలు సైతం మౌనం వహిస్తారు. హరమైన్ మన హృదయాలలో ఉన్నది. సౌదీ అరేబియా మాత్రం మన ఎరుకలో లేదు. అక్కడికి వెళ్ళే మనవారు పడుతున్న కష్టాలలో అధిక భాగం ఈ తేడా నుండే పుడుతున్నవని మా దృఢాభిప్రాయం.

నేటి సౌదీ అరేబియా రాజ్యం 1932లో ఏర్పడినది. విస్తీర్ణంలో భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. జనాభా మాత్రం 2022 లెక్కల ప్రకారం సుమారు 3.22 కోట్లే. అంటే 2011 నాటి మన తెలంగాణ జనాభా కన్నా తక్కువ. వారిలోనూ నూటికి దాదాపు 42 మంది బయటి దేశాల వారే. పడమట హిజాజ్ ప్రాంతంలో మక్కా, మదీనా, జిద్దా ఉన్నవి. నడుమ రాజధాని రియాద్, తూర్పున 1938లో చమురు పడిన దమ్మామ్ ప్రాంతం ఉన్నవి. వారి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. నాణెం రియాల్. ఒక అమెరికా డాలరుకు 3.75 రియాళ్ల చొప్పున 1986 నుండి స్థిరంగా ఉన్నది.

ఇరవై ఏళ్ల క్రితం వెళ్లివచ్చిన మన పెద్దలు వర్ణించే దేశం నేడు అక్కడ లేదు. 2013 నుండి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలకు మారినవి. 2018లో స్త్రీలు కారు నడిపేందుకు అనుమతి లభించినది. అదే ఏడాది మక్కా, జిద్దా, మదీనాలను కలిపే హరమైన్ రైలు మొదలైనది. 2019లో పర్యాటక వీసా వచ్చినది. మదీనాలో రౌదా సందర్శనకు సైతం ఇప్పుడు నుసుక్ యాప్‌లో ముందుగా సమయం తీసుకోవలసిందే. పాత జ్ఞాపకాలను నమ్ముకొని బయలుదేరితే తొలి మెట్టు వద్దనే తడబడతాము.

వీసాయే హద్దు

ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల పాటు దరఖాస్తులు చూసిన అనుభవంతో ఒక మాట చెబుతున్నాము. పరాయి దేశంలో మనిషి మాటకన్నా అతని చేతిలోని కాగితానిదే బలం. హజ్, ఉమ్రా, సందర్శన, ఉద్యోగం అనే నాలుగు వీసాలు నాలుగు వేర్వేరు ద్వారాలు. ఒక ద్వారం గుండా వెళ్లినవారికి మరొక ద్వారం హక్కులన్నీ రావు. సందర్శన వీసాపై హజ్ చేయరాదు, ఉద్యోగమూ చేయరాదు.

2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటినది. ఆ హజ్‌లో 1,301 మంది మరణించారని, వారిలో నూటికి 83 మంది అనుమతి లేనివారని సౌదీ ప్రభుత్వం ప్రకటించినది. అనుమతి లేనివానికి చల్లని గుడారం లేదు, బస్సు లేదు, పేరు నమోదు లేదు. ఎండలో మైళ్ల కొద్దీ నడకే మిగిలినది. వారి భక్తిలో లోపం లేదు. ఆ భక్తిని సొమ్ము చేసుకున్న దళారులదే పాపం. 2025 నుండి అనుమతి లేని హజ్‌కు 20,000 రియాళ్ల వరకు జరిమానా, పదేళ్ల నిషేధం ఉన్నవి. హజ్ కమిటీ ద్వారా గానీ, కేంద్రం గుర్తించిన సంస్థల ద్వారా గానీ వెళ్లడమే క్షేమం.

సామాను విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన వంటింట్లో నిత్యం వాడే గసగసాలు అక్కడ నిషిద్ధం. మసాలా పొట్లంలో కలిసి ఉన్నా కేసే. మందులకు వైద్యుని చీటీ వెంట ఉండాలి. విమానాశ్రయంలో ఎవరో ఇచ్చిన పొట్లాన్ని మొహమాటానికి పుచ్చుకోరాదు. మాదకద్రవ్యాల రవాణాకు అక్కడ మరణశిక్ష వరకు ఉన్నది.

మనకున్న ఒక హక్కునూ గుర్తు చేయాలి. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానపు యాత్రికుల కోసం మక్కాలో రుబాత్ వసతి ఏర్పడినది. వరంగల్ ఆ సంస్థానంలోనిదే గనుక, నేడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి వారు కూడా లాటరీ ద్వారా ఆ ఉచిత వసతికి అర్హులే. హజ్‌కు ఎంపికైనవారు దీని గురించి తప్పక విచారించాలి.

బతుకుదెరువుకు వెళ్లేవారికి

యాత్రికునికి కనీసం శిక్షణ శిబిరమైనా ఉన్నది. డ్రైవరుగానో, కూలీగానో వెళ్లే యువకునికి తరచుగా అదీ అందదు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు 'ఈసీఆర్' కిందికి వస్తుంది. వారు కొలువు కోసం వెళ్లే ముందు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. దానితో పాటే 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా లభిస్తుంది. ఈ శ్రమ ఎందుకని దళారి సందర్శన వీసాపై పంపితే, అనుమతితో పాటు బీమా కూడా పోతుంది. లైసెన్సు గల ఏజెంటు రుసుముగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకోవాలి. లక్షలు అడిగినవాడు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్లే.

'ఆజాద్ వీసా' అనేది సౌదీ చట్టంలో లేనే లేదు. ఒక కఫీల్ పేరుతో వెళ్లి మరొకరి వద్ద పని చేయడమే దాని అర్థం. ఆ కఫీల్ 'హురూబ్' నమోదు చేసిన నాడు ఆజాదీ అంతా జైలు గుమ్మం వరకే. 2021లో వచ్చిన సంస్కరణలు కొన్ని షరతులపై, యజమాని సమ్మతి లేకుండా కొలువు మారే వీలు కల్పించినవి. కానీ ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివారికి అవి వర్తించలేదు. మనవారు అధికంగా వెళ్లేది ఆ కొలువులకే. కార్మిక చట్టం పరిధిలోని ఉద్యోగులకు ఇఖామా ఖర్చు యజమానే భరించాలి. పాస్‌పోర్టును ఎవరూ లాగి ఉంచుకోరాదు. జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదు. వివాదం వస్తే ఒప్పందంలోని అరబీ ప్రతికే విలువ. కనుక అందులో ఏమున్నదో చదివించుకోకుండా సంతకం చేయరాదు.

చేయవలసినది

"అల్లాహ్‌పై భారం వేసి పోతున్నాము, ఈ లెక్కలన్నీ ఎందుకు?" అని కొందరు అంటారు. ఒంటెను కట్టివేసిన తరువాతనే తవక్కుల్ అన్నది మన దీన్ నేర్పిన పద్ధతి. చట్టం తెలుసుకోవడం విశ్వాసంలో లోటు కాదు.

మన మస్జిద్ కమిటీలు నెలకొక జుమా తరువాత అరగంట ఈ విషయాలకు కేటాయించాలి. గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన సోదరులచేతనే చెప్పించాలి. వెళ్లే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక ప్రతి, కమిటీ వద్ద ఒక ప్రతి ఉంచాలి. ఆపద వచ్చిననాడు రాయబార కార్యాలయం మొదట అడిగేది అవే. చదువుకున్న ఆడబిడ్డలు ఈ పత్రాలను చదివి ఇంటివారికి వివరించగలరు. వారిని ముందు వరుసలో నిలపాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేది కూడా ఒకటున్నది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలన్న నిర్ణయం మంచిదే. అయితే శవపేటిక వచ్చిన తరువాత ఇచ్చే సాయం కన్నా, విమానం ఎక్కక ముందు ఇచ్చే సలహా చవక. ప్రభుత్వ విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్ సేవలు జనగామ వంటి జిల్లాలలో మండల కేంద్రాల వరకు రావాలి. నెలకు ఒక్కరోజు, తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పగల ఒక్క ఉద్యోగి వచ్చి మండల కార్యాలయంలో కూర్చున్నా చాలు, ఎన్నో కుటుంబాలు అప్పుల నుండి బయటపడతాయి. ఈ మేరకు ప్రతి మండలం నుండి అర్జీలు పోవాలి. పాలకుర్తి అర్జీ ముసాయిదా సిద్ధంగా ఉన్నది. సంతకాలు చేయవలసినది మనమే.