పక్కవాద్యం వారి సొంత రికార్డు

అభిమానుల్లో ఎన్నో రకాలు. హీరోగారి కటౌట్‌కి దండ వేయడానికి నిచ్చెన ఎక్కేవారు ఒక రకం. రేడియోలో పాట మొదలైందో లేదో, సినిమా పేరూ, సంగీత దర్శకుడి పేరూ, తెరమీద పెదవులు కదిపినవారి పేరూ గడగడా అప్పగించేవారు ఇంకో రకం. మూడో రకంవారు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. రికార్డు చేతికొస్తే వీరు అట్టమీది బొమ్మ చూడరు. వెనక్కి తిప్పి, అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఏం వేశారో చూస్తారు. వయొలిన్ ఎవరిది, ఫ్లూట్ ఎవరిది, రెండో చరణానికి ముందు ఏడ్చిన ఆ వాద్యం ఏమిటి, దాన్ని ఏడిపించినాయన ఎవరు? మన పాత రికార్డుల మీద ఆ వివరం దొరకడం మా అదృష్టాన్నిబట్టి ఉంటుంది. ‘మా’ అన్నాను కనక మీకు తెలిసే ఉంటుంది, నేను మూడో రకం.

ఈ వారం కబురు మాలాంటివాళ్ళదే. కాకపోతే అమెరికాలో ఉన్నవాళ్ళది. అక్కడ కంట్రీ సంగీతం అని ఒక బాణీ ఉంది. పల్లెటూరు, ప్రేమ, తాగుడు, రైలు, ఇల్లు విడిచి వెళ్ళిపోయిన భార్య, ఇవీ ఆ పాటల్లో సంగతులు. గాయకుడు ఒక లైను పాడి ఊపిరి పీల్చుకునేలోగా వెనకనుంచి నిట్టూర్పులాంటి నాదం ఒకటి జారుకుంటూ వస్తుంది. అది పెడల్ స్టీల్ గిటార్. దానికి వీరాభిమానులున్నారు. వారికి ఏళ్ళతరబడి ఒకటే కోరిక. “ఇన్నాళ్ళూ ఇతరుల పాటల్లో నాలుగేసి చినుకులు చిలకరించాడు. మా ఆయన సొంతంగా ఒక్క ఆల్బం చేస్తే చూడాలి!”

గిటార్ అన్నాం కదా అని మెళ్ళో తగిలించుకునేది అనుకోకండి. ఇది నాలుగు కాళ్ళమీద బల్లలా నిలబడుతుంది. వాయించేవాడు దాని ముందు కూర్చుంటాడు. మామూలుగా పది తీగలు. రెండు మెడల వాద్యమైతే పదీ పదీ ఇరవై. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, దాన్ని తీగల మీద జారుస్తాడు. కుడిచేతి వేళ్ళకి తొడుగులు, వాటితో మీటుతాడు. ఎడమకాలు పెడల్స్ మీద, కుడికాలు ధ్వనిని పెంచి తగ్గించే ఇంకో పెడల్ మీద. ఇవి చాలవన్నట్టు మోకాళ్ళతో పక్కకి నెట్టే మీటలు. కుట్టుమిషను తొక్కుతూ గోటువాద్యం వాయించడం ఊహించుకోండి, దాదాపు అదీ పని.

గోటువాద్యం తెలిసినవారికి సగం సంగతి తెలిసినట్టే. మెట్లు లేని వాద్యం మీద కర్రముక్క జార్చి గమకం పలికిస్తారు కదా. ఇక్కడ తేడా అంతా పెడల్‌లో ఉంది. రెండు మూడు తీగలు ఒక్కసారి మీటి, అవి మోగుతూ ఉండగానే పెడల్ తొక్కితే, ఒక తీగ ఉన్నచోటే నిలబడుతుంది, పక్క తీగ మాత్రం మెల్లగా పై స్వరానికి పాకుతుంది. ఒకరు గుమ్మంలో నిలబడిపోతే రెండోవారు గడప దాటి వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. అతిశయోక్తి అనుకోకండి, ఆ పాటల్లో సగం కథలు అవే!

1954లో వెబ్ పియర్స్ అనే గాయకుడి ‘స్లోలీ’ పాట పెద్ద హిట్టయింది. అందులో బడ్ ఐజాక్స్ అనే ఆయన ఈ పని చేశాడు. అంతకుముందూ పెడల్స్ ఉన్నాయి. కానీ మోగుతున్న తీగని అందరికీ వినబడేలా వంచి చూపిన హిట్టు పాట అదే. దాంతో మిగతా స్టీల్ వాద్యగాళ్ళు తమ గిటార్లకి పెడల్స్ బిగించుకోవడానికి పరుగులు తీశారు.

ఈ వాద్యం తాత మనకీ చుట్టమే. ఉక్కు ముక్కని తీగమీద జార్చే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర హవాయి దీవుల్లో పుట్టింది. జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు మొదలుపెట్టాడంటారు. హవాయి నుంచి బయల్దేరిన టావు మో కుటుంబం దేశాలు తిరిగి 1940లలో కలకత్తాలో ఉండిపోయి అక్కడివారికి ఆ రుచి చూపించింది. తర్వాత వాన్ షిప్లే, సునీల్ గంగూలీ లాంటివారు హిందీ సినిమా పాటల్ని ఎలక్ట్రిక్ హవాయిన్ గిటార్ మీద వాయించి రికార్డుల మీద రికార్డులు ఇచ్చారు. చిత్రం చూడండి. అమెరికా అభిమానులు దేనికోసం మొహం వాచిపోయారో అది ఇక్కడ బజార్లో అమ్మారు. అయితే అట్టమీద బొమ్మ గిటారిస్టుదైనా, లోపల బాణీలు మాత్రం సంగీత దర్శకులవి.

అమెరికాలో అలా ఎందుకు జరగలేదంటే, నాష్‌విల్ నగరంలో పాటల రికార్డింగు ఫ్యాక్టరీ షిఫ్టుల్లా నడిచేది. మూడేసి గంటల సెషన్లు. పొద్దున్న పదింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి. గిరాకీ ఉన్న స్టీల్ వాద్యగాడు ఒకే రోజున ఇద్దరు ముగ్గురు గాయకుల దగ్గర కూర్చునేవాడు. స్వరాలు రాసిన కాగితం ఉండదు. తీగలమేళాన్ని అంకెల్లో గుర్తువేసుకుంటారు, అప్పటికప్పుడు మనసుకి తోచింది వాయిస్తారు. తోచిన ఆ నాలుగు ముక్కలే ఆ పాటకి ప్రాణమవుతాయి. పాట గాయకుడి పేరు మీద చలామణీ అవుతుంది. కూరలో కరివేపాకు సామెత మనదే అయినా, బాధ అక్కడివారికీ ఉంది.

రాల్ఫ్ మూనీ సంగతే తీసుకోండి. 1928లో ఓక్లహోమా రాష్ట్రంలో పుట్టి, కాలిఫోర్నియాలో పైకొచ్చినవాడు. చక్ సీల్స్ అనే ఆయనతో కలిసి ‘క్రేజీ ఆర్మ్స్’ అనే పాట రాశాడు. 1956లో రే ప్రైస్ పాడితే ఆ పాట 20 వారాలు మొదటి స్థానం దిగలేదు. రాసింది స్టీల్ గిటారిస్టు అని ఎంతమందికి తెలుసు? తర్వాత విన్ స్టివర్ట్, బక్ ఓవెన్స్, మెర్ల్ హ్యాగర్డ్, వీళ్ళందరి పాటల్లోనూ ఆయన తీగ ఉంది. 1966లో వచ్చిన హ్యాగర్డ్ ‘స్వింగింగ్ డోర్స్’ వినండి. పాడేవాడు సారాకొట్టే తన ఇల్లంటూ గొప్పలు పోతుంటే, వెనక మూనీ తీగ “ఏం బతుకురా నీది” అన్నట్టు పలుకుతుంది. మాటలు రాసిన కవి చెప్పంది ఆ తీగ చెబుతుంది.

1968లో కాపిటల్ కంపెనీ మూనీ పేరుతో ఒక ఎల్.పి. వేసింది, ‘కార్న్ పికిన్ అండ్ స్లిక్ స్లైడిన్’. అయితే ఆ పేరు సగమే. మిగతా సగం జేమ్స్ బర్టన్‌ది. ఆ మరుసటి ఏడాదే ఎల్విస్ ప్రెస్లీ పక్కన చేరిన గిటారిస్టు ఆయన. గాత్రం లేని రికార్డు. ఇద్దరు హేమాహేమీలు, వినసొంపుగానే ఉంటుంది. నా ఫిర్యాదు అల్లా ఒక్కటే. హ్యాగర్డ్ వెనక ఏడిపించిన మూనీ ఇందులో నాకు పూర్తిగా దొరకడు. జవాబు చెప్పడానికి పుట్టిన తీగకి ఇక్కడ ప్రశ్న వేసేవాడు లేడు.

1970లో మూనీ వేలన్ జెన్నింగ్స్ బృందంలో చేరి దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే ఉండిపోయాడు. వేలన్‌ది పెద్దమనసు, వేదికమీద పాట మధ్యలో మూనీని పేరుపెట్టి పిలిచి వాయించమనేవాడు. చప్పట్లు మోగేవి. ఆ తర్వాత మళ్ళీ పాట వేలన్‌దే.

2010లో మార్టీ స్టివర్ట్ ‘ఘోస్ట్ ట్రెయిన్’ అనే ఆల్బం చేశాడు, నాష్‌విల్‌లో పాత ఆర్.సి.ఎ. స్టూడియో బి లోనే. అందులో మూనీని కూర్చోబెట్టి, ‘క్రేజీ ఆర్మ్స్’నే, మాటల్లేకుండా, ఆయన చేత వాయింపించాడు. ఎనభై దాటిన మనిషి, యాభై ఏళ్ళ కిందటి తన పాటని తానే పాడుకున్నట్టుంటుంది. వేగం లేదు, విన్యాసం లేదు. ప్రతి స్వరాన్నీ అది వెళ్ళేదాకా చూసి సాగనంపినట్టు వాయించాడు. ఇలాంటివి ఇంకో పది చాలు, ఆల్బం అయిపోతుంది అనిపించింది నాకు. 2011 మార్చి 20న ఆయన పోయాడు.

మా మిత్రులొకరున్నారు. చాలాకాలం సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించినవారు. నేను ఈ సోదంతా చెబితే కొట్టిపారేస్తారు. “సొంత రికార్డు ఎందుకండీ? మూడు నిమిషాల పాటలో ఆయన పది సెకన్లు వాయించాడు. ఆ పది సెకన్లకోసం మీరు పాట పదిసార్లు పెట్టుకున్నారు. అదే వాయింపు నలభై నిమిషాలు వినిపిస్తే మీరే కాఫీ నెపంతో లేచిపోతారు” అంటారు.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. పీట్ డ్రేక్ ఉదాహరణ ఉంది. బాబ్ డిలన్ ‘లే లేడీ లే’లోనూ, టామీ వైనెట్ ‘స్టాండ్ బై యువర్ మాన్’లోనూ స్టీల్ ఈయనదే. 1970లో జార్జ్ హారిసన్ పిలిస్తే లండన్ వెళ్ళి ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’లో వాయించి వచ్చాడు. ఇంతటివాడికి సొంత పేరుమీద హిట్టు ఎలా వచ్చిందనుకున్నారు? 1964లో, ‘ఫరెవర్’ అనే పాటతో. గిటారు ధ్వనిని గొట్టంద్వారా నోట్లోకి పంపించి, పెదవులు కదిపి, వాద్యంచేత మాటలు పలికించాడు! జనం ముచ్చటపడి కొన్నారు. అంటే వాద్యగాణ్ణి వాద్యగాడిగా ముందుకి రమ్మంటే రానివ్వలేదు, గాయకుడి వేషం కట్టి వస్తే రానిచ్చారన్నమాట. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

అలాగని మిత్రుడిదే గెలుపని ఒప్పుకోను. బడీ ఎమన్స్ ఉన్నాడు. ఈ వాద్యాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చినవారిలో ముఖ్యుడు. ‘షో-బడ్’ అనే వాద్యాల కంపెనీ పేరులో ‘బడ్’ ఈయనే, ‘షో’ వచ్చింది షాట్ జాక్సన్ పేరునుంచి. కంట్రీ పాటల వెనక వాయిస్తూ వాయిస్తూనే, 1963లో న్యూయార్క్ వెళ్ళి జాజ్ వాద్యగాళ్ళ మధ్య కూర్చుని ‘స్టీల్ గిటార్ జాజ్’ రికార్డు చేశాడు. పాటలో చేసిన పనిని సాగదీసి అమ్మలేదు. పాటలో తనకి చోటు దొరకనిది ఏముందో అది వాయించాడు. సొంత రికార్డు అంటే నా దృష్టిలో అదీ.

మనకి తెలియని సంగతి కాదిది. కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారు మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాల్లో వీణ వాయించారు. తర్వాత కచేరీ వేదిక మీదికొచ్చి, రికార్డులిచ్చి, వీణమీద కోయిలని కూయించారు. పల్లవికీ చరణానికీ మధ్య దొరికే ఆ కాస్త చోట్లో ఆ కోయిల పట్టేదా? నేనీమాట అన్నప్పుడు మా మిత్రులు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “చిట్టిబాబుగారు చిట్టిబాబుగారే కదండీ” అన్నారు. దాన్ని జవాబు అనరు.

ఇక అభిమానుల కోరిక తీరిన ముచ్చట ఒకటి. 1968లో ‘బర్డ్స్’ అనే రాక్ బృందం ఉన్నట్టుండి కంట్రీ బాట పట్టి ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ అనే ఆల్బం చేసింది. అందులో స్టీల్ వాయించినవారు ఇద్దరు. నాష్‌విల్‌లో లాయిడ్ గ్రీన్, లాస్ ఏంజెలెస్‌లో జే డీ మానెస్. గ్రీన్‌కి అంతకుముందూ ఆ తర్వాతా సొంత రికార్డులు ఉన్నాయి. కానీ జనం ఆయన్ని ఎక్కడికి వెళ్ళినా ఈ ఆల్బంతోనే ముడిపెట్టారు. సరిగ్గా యాభై ఏళ్ళకి, 2018లో, ఎనభై ఏళ్ళ గ్రీన్, డెబ్బై దాటిన మానెస్ ఒకచోట చేరి, ఆ ఆల్బంలోని పాటల్నే వరసగా స్టీల్ గిటార్ల మీద వాయించి ‘జర్నీ టు ది బిగినింగ్’ అని విడుదల చేశారు. అప్పుడు గాయకుడి వెనక ఉన్నవారు ఇప్పుడు గాయకుడి చోట్లో ఉన్నారు. ఒక తీగ ప్రశ్న, రెండో తీగ జవాబు. మూనీకి దొరకని వసతి వీరికి దొరికింది. అట్టమీద పేర్లు కూడా వీరివే, చదవడానికి భూతద్దం అక్కర్లేదు.

మా వయొలిన్ మిత్రుడికి వినిపించాను. కాఫీకి లేవలేదు. మధ్యలో ఒకచోట మాత్రం, “ఆ జారు మళ్ళీ ఒకసారి వేయండి” అన్నారు.

అన్నట్టు, ఒక మనవి. మన పాత తెలుగు పాటల్లోనూ హవాయిన్ గిటార్ వినబడుతుంది, వెన్నెల పాటల్లో మరీను. వాయించిన వారి పేర్లు రికార్డుల మీద లేవు, టైటిల్స్‌లోనూ అరుదు. మీలో ఎవరైనా ఆ రోజుల్లో రికార్డింగు థియేటర్లలో ఉన్నవారుంటే, లేదా మీ ఇంటి పెద్దలు ఉండి ఉంటే, పాట పేరూ వాయించినవారి పేరూ రాసి పంపండి. నాలుగు పేర్లు పోగైనా సరే, ఈ శీర్షికలో వేద్దాం. కాస్త పెద్ద అక్షరాల్లోనే.