తాళము తీయుడు!

రాయలసీమ తల్లిదండ్రులారా, ఉపాధ్యాయ సోదరులారా!

గత మాసమున రైల్వేకోడూరు ప్రాంతమునందలి యొక ఉన్నత పాఠశాలకు పనిమీద పోయి, పదవ తరగతి బాలునొకని పిలిచి, సోడియం సల్ఫేటు ద్రావణమునకు బేరియం క్లోరైడు ద్రావణము చేర్చిన నేమగునని అడిగితిని. వాడు ఊపిరి తిప్పుకొనకుండ, అది ద్వంద్వ వియోగమనియు, బేరియం సల్ఫేటు తెల్లని అవక్షేపముగా ఏర్పడుననియు, సమీకరణముతో సహా అప్పగించెను.

"చూచినావా నాయనా?"

"చూల్లేదు సార్. గైడ్లో ఉండాది."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"ముగ్గురాయి లారీ తోల్తాడు సార్."

ఆ ముగ్గురాయియే బేరియం సల్ఫేటనియు, తండ్రి చొక్కా నంటి ప్రతిదినము ఇంటికి వచ్చు దుమ్మే తాను వల్లించిన సమీకరణమునందలి పదార్థమనియు, పదేండ్లు బడికి వచ్చిన ఆ బిడ్డకు చెప్పినవారు లేరు. మంగంపేట ముగ్గురాయి, చమురు బావులు త్రవ్వునపుడు లోనికి పంపు బురదకు బరువు నిచ్చుటకై, ఓడలెక్కి దేశాంతరములకు పోవుచున్నది. గని ప్రక్కనున్న బడిలోనికి మాత్రము రాలేదు. ప్రయోగశాల చూపుమంటిని. తాళపుచెవికై అరగంట వెదకిరి. తలుపు తీయగా, పరీక్షనాళికలు వచ్చిననాటి గడ్డిలోనే పండుకొని యున్నవి. లిట్మసు కాగితములు రంగు వెలసి ఒకదానికొకటి అంటుకొనిపోయినవి. ఆమ్లపు సీసా మీద చీటీ లేదు.

పాఠశాల పేరు చెప్పను. దోషము దాని యొక్కదానిదే యైనచో ఈ కరపత్రము అక్కరలేకపోవును.

మనకు కావలసిన దేమి? రసాయనశాస్త్రమును బిడ్డ చేతితో నేర్వవలెను. వారమునకు రెండు పీరియడ్లు, తాళము తీసిన గదిలో, ఇద్దరిద్దరుగా పనిచేయవలెను. సాయంకాలము ఒక గంట సమీకరణముల అభ్యాసము జరుగవలెను. ఎఱ్ఱగా కాలిన ఇనుము నీటియావిరితో జరుపు చర్యను తుల్యము చేయలేక కన్నీళ్లు పెట్టుకొన్న బాలికకు నేను చింతగింజలు, బొబ్బర్లు, కందులు చేతికిచ్చి, గింజ ఇనుము, బొబ్బర ఆక్సిజన్, కంది హైడ్రోజన్ అనుకొమ్మని చెప్పితిని. మూడు ఇనుములకు నాలుగు నీళ్లు కావలెనని ఆమె పావుగంటలో తానే కనుగొని, ఆపైన నన్ను లెక్కచేయక తరువాతి సమీకరణమునకు పోయినది.

బేతంచెర్ల నాపరాతిమీద నడచి, యర్రగుంట్ల సిమెంటు పొగ క్రింద పెరుగు పిల్లలకు సున్నమును గూర్చి పుస్తకము చూచియా చెప్పవలసినది? సున్నపురాయి దాదాపు 900 డిగ్రీల వేడికి కాలి పొడిసున్నమగుటయు, నీళ్లు పోయగనే అది కుతకుతలాడి తడిసున్నమగుటయు, దాని తేటలోనికి గొట్టముతో ఊదగా పాలవలె తెల్లబడుటయు, గోడకు పూసిన వెల్ల రెండు మూడు దినములలో మరల సున్నపురాయిగా గట్టిపడుటయు, సున్నపుబట్టీకడనో ఇంటనో చూపదగినవి. పసుపులో సున్నము కలిపి పారాణి చేయు తల్లి క్షారమును పరీక్షించుచునే యున్నది. ఆ ఎఱుపుమీద చింతపులుసు పోసిన మరల పసుపగునని బిడ్డకు చూపుటకు రూపాయి ఖర్చులేదు.

ఇక కోపము దాచుకొనను. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రయోగ పరీక్ష లేదు. గదికి తాళము పడుటకు మూలకారణ మదియే. పరీక్షలో అడుగనిది బడిలో జరుగదు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల బిడ్డలు తల్లిదండ్రుల వెంట గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోయి, పరీక్షల ముంగిట తిరిగివచ్చినపుడు, వారి చేతికి మనమిచ్చునది బిట్ల పుస్తకము! పరీక్ష తప్పినంతనే మొద్దని ముద్రవేసి మరల పత్తిచేనికే పంపుచున్నాము. ఇది విద్య కాదు. పేదబిడ్డకు చేయు ద్రోహము.

ఆమ్లములు ప్రమాదకరము లందురు. సజలామ్లమును జాగ్రత్తతో వాడనేర్పుటయే శిక్షణ. బేరియం క్లోరైడు విషము గనుక దానిని ఉపాధ్యాయుడే పోయవలెను. సిలబసు పూర్తికాదందురు, వల్లెవేయుటకు పోవు గంటలను లెక్కింపుడు.

శ్రీశైలమున సిద్ధనాగార్జునుడు రసవాదమును సాధించెనని మన పెద్దలు చెప్పుకొన్నారు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 1902లో వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర నాగార్జునుని స్మరించినది. అట్టి గడ్డమీద రసాయనము గైడు పుస్తకపు సరుకైనది. కారణ మడిగిన పాత కథలే చెప్పుకొందుము: 1937 శ్రీబాగు ఒడంబడికలో సీమకు మాటలిచ్చిరి. 1953లో కర్నూలునకు రాజధాని వచ్చి, 1956లో పోయెను. ఇచ్చినవారు తీసికొనిపోయిరని ఇంకెన్నాళ్లు చెప్పుకొందము? ఈ గది మన ఊరిలోనే, మన బడిలోనే యున్నది.

ప్రభుత్వము పదవ తరగతికి ప్రయోగ పరీక్షను వెంటనే ప్రవేశపెట్టవలెను. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండకుడు. రాబోవు తల్లిదండ్రుల సమావేశమునాడు, మార్కుల కాగితము చేత పట్టుకొనుటకు ముందు, ప్రయోగశాల ఎక్కడనున్నదో అడుగుడు. తాళపుచెవి దొరకువరకు అచ్చటనే నిలువుడు. తలుపు తీసినపిమ్మట, మీ బిడ్డచేతనే ఒక పరీక్షనాళిక కడిగించి, మీ ఇంటి సున్నపుతేట అందులో పోయించి, ఊదుమనుడు.